విద్యలో సాంకేతికతపై వచ్చిన పరిశోధనల్లో ఉత్తమమైనదాన్ని ఎలా గుర్తించాలి?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మీరు ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్. విద్యలో సాంకేతికత మీద వచ్చిన ఉత్తమ పరిశోధనకు ఈ ఏడాది నుంచి పురస్కారం ఇవ్వాలని యాజమాన్యం నిర్ణయించింది. హైదరాబాద్, చుట్టుపక్కల జిల్లాల కాలేజీల నుంచి, బీఎడ్ కాలేజీల నుంచి పేపర్లు, థీసిస్‌లు వచ్చాయి. కమిటీలో మిమ్మల్ని వేశారు. "జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు ఇన్ని మార్కులు, సైటేషన్లకు (వేరే పేపర్లలో ఉదహరింపులకు) ఇన్ని, స్కోపస్ అనే జర్నళ్ల సూచికలో ఉంటే ఇన్ని అని పట్టిక వేసి కూడితే సరిపోతుందా, ఇంకేమైనా చూడాలా?" అని అడిగారు.

సరిపోదండీ. అలా కూడితే వచ్చేది ఎక్కడ అచ్చయిందన్న లెక్కే, పరిశోధన ఎంత మంచిదన్నది అందులో తెలియదు. ప్రతి పేపరునూ కూర్చుని చదవాలి. చదివేటప్పుడు ఒక ప్రశ్న వదలకుండా అడగాలి: ఈ యాప్, ఈ ట్యాబ్, ఈ వీడియో లేకుండా అదే పిల్లలకు అంతే సమయం, అంతే శ్రద్ధ దొరికి ఉంటే ఏం జరిగేది? ఈ ప్రశ్నను తప్పించుకోకుండా ఎదుర్కొన్న పరిశోధకుడే పురస్కారానికి అర్హుడు. మిగతా ప్రమాణాలన్నీ దీని తర్వాతే.

నేను ఎడ్యుకేషన్ విభాగంలో చాలాకాలం పాఠం చెప్పాను. వేర్వేరు యూనివర్సిటీలకు థీసిస్ ఎగ్జామినర్‌గా ఉన్నాను, ఇలాంటి ఎంపిక కమిటీల్లోనూ కూర్చున్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తున్నాను.

ముందు మీ పట్టిక సంగతి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఒక జర్నల్లోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తున్నారో చెప్పే సంఖ్య. అది జర్నల్‌కు సంబంధించినది, ఆ జర్నల్లో వచ్చిన ఒక్కో పేపరుకు సంబంధించినది కాదు. పరిశోధకుల్ని అంచనా వేయడానికి దాన్ని వాడొద్దని పరిశోధనల మూల్యాంకనంపై 2012లోనే వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పింది. మన దగ్గర యూజీసీ కేర్ లిస్టును (యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితాను) పట్టుకుని చాలా ఏళ్లు నడిపించారు. 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఆ లిస్టును ఆపేసింది, జర్నల్ మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత విద్యాసంస్థలదే అని చెప్పింది. అంటే ఇప్పుడు ఆ పని మీ కమిటీదే. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే జర్నళ్లను పక్కన పెట్టడానికి మీ పట్టిక కాస్త ఉపయోగపడుతుంది. అంతకుమించి దాని మీద ఆధారపడొద్దు. సైటేషన్లతో ఇంకో ఇబ్బంది ఉంది. నల్గొండ జిల్లాలో తెలుగు మీడియం ఏడో తరగతి మీద చేసిన నిఖార్సైన పని కన్నా, "ఉన్నత విద్యలో ఏఐ: అవకాశాలు, సవాళ్లు" అనే తరహా సర్వే పేపరుకు సైటేషన్లు ఎక్కువ వస్తాయి. అలా ఉదహరించిన వాళ్లలో ఎంతమంది ఆ పేపరు పూర్తిగా చదివి ఉంటారో మీకూ తెలుసు.

ఇక అసలు విషయం.

1983లో రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక మాట అన్నాడు. సరుకులు మోసుకొచ్చే లారీ వల్ల మన ఒంటికి బలం రాదు, బలమిచ్చేది అందులో వచ్చిన సరుకే. పాఠం మోసుకొచ్చే మాధ్యమం కూడా అంతే అన్నది ఆయన వాదన. టీవీ అయినా, కంప్యూటర్ అయినా దానంతట అది నేర్పదు, నేర్పేది అందులోని బోధన పద్ధతి. దీన్ని రాబర్ట్ కోజ్మా లాంటివాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. కొన్ని మాధ్యమాలు కొన్ని పద్ధతుల్ని సాధ్యం చేస్తాయి కదా, రెంటినీ విడదీసి ఎలా చూస్తాం అని. ఆ చర్చలో నేను పూర్తిగా ఏ పక్షమూ కాదు. అయితే క్లార్క్ ప్రశ్నను ఎదుర్కోని పేపరుకు మాత్రం నేనెప్పుడూ ఎక్కువ మార్కులు వేయలేదు.

మన బీఎడ్, ఎంఎడ్ కాలేజీల నుంచి వచ్చే థీసిస్‌లలో ఎక్కువభాగం ఒకే అచ్చులో ఉంటాయి. ఒక సెక్షన్‌కు స్మార్ట్ బోర్డుతో పాఠం, ఇంకో సెక్షన్‌కు మామూలుగా. ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష, టీ-టెస్ట్ (రెండు గ్రూపుల సగటుల తేడాను తూచే గణాంక పరీక్ష), "గణనీయమైన తేడా ఉంది" అని ముగింపు. వైవాలో నేను అడిగే ప్రశ్నలు మామూలువే. రెండు సెక్షన్లకూ పాఠం చెప్పింది ఎవరు? ఒక థీసిస్‌లో స్మార్ట్ బోర్డు సెక్షన్‌కు పరిశోధకురాలే స్వయంగా, ఉత్సాహంగా, కొత్త పాఠ్య ప్రణాళికతో చెప్పింది. రెండో సెక్షన్‌కు బడిలో రోజూ వచ్చే సారు ఎప్పట్లాగే చెప్పారు. పైగా మొదటి సెక్షన్‌కు సాయంత్రం అదనపు పీరియడ్ కూడా ఉంది. మార్కులు పెరిగాయి, నిజమే. అది బోర్డు వల్లా, టీచరు వల్లా, అదనపు పీరియడ్ వల్లా? ఆ థీసిస్‌లో దీనికి జవాబు దొరికే దారే లేదు. మీ దగ్గరికి వచ్చినవాటిలో ఇలాంటివి సగానికి పైగా ఉంటాయి. మొదటి వడపోతలోనే తీసేయండి.

సమయం విషయం ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక ఉదాహరణతో చెప్తాను. గుజరాత్‌లో జ్ఞాన్‌శాల అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లో లీ లిండెన్ చేసిన ప్రయోగం ఇది. సాఫ్ట్‌వేర్ ఒకటే. కొన్నిచోట్ల బడి సమయంలో టీచరు పాఠానికి బదులుగా వాడారు, కొన్నిచోట్ల బడి అయ్యాక అదనంగా వాడారు. అదనంగా వాడినచోట గణితం స్కోరు 0.28 స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలమానం) పెరిగింది. టీచరుకు బదులుగా వాడినచోట 0.57 పడిపోయింది. అదే ప్రోగ్రాం, అదే వయసు పిల్లలు. "కంప్యూటర్ పనిచేస్తుందా?" అని అడిగితే జవాబు దొరకదనీ, దేని స్థానంలో పెట్టారన్నదే అసలు ప్రశ్న అనీ ఈ ఒక్క పేపరు తేల్చి చెప్పింది. నా దృష్టిలో ఉత్తమ పరిశోధన అంటే ఇలా ఉండాలి. అది చదివాక మనం అడిగే ప్రశ్నే మారిపోవాలి.

రెండోది అందరికీ తెలిసిన ఢిల్లీ అధ్యయనం. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ కలిసి చేశారు, 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద. 619 మంది మాధ్యమిక స్థాయి పిల్లలు. లాటరీ తీసి కొందరికి ఆ కేంద్రాల్లో ఉచితంగా చేరే అవకాశం ఇచ్చారు. నాలుగున్నర నెలల తర్వాత లాటరీ తగిలినవాళ్లు గణితంలో 0.37, హిందీలో 0.23 స్టాండర్డ్ డీవియేషన్ ముందున్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, గణితంలో వందమందిలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు సుమారు 36 మందిని మాత్రమే తన ముందు ఉంచుకునే స్థాయికి వచ్చినట్టు. ఇది పెద్ద ఫలితమే.

అయితే ఆ పేపరును నేను విద్యార్థులతో చదివించేది ఆ అంకెల కోసం కాదు. రచయితలు అక్కడితో ఆగలేదు. ఆ పిల్లలు అసలు ఏ స్థాయిలో ఉన్నారో కొలిచారు. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు, పై తరగతులకు పోయేకొద్దీ ఆ ఎడం పెరిగింది. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరికి వాళ్ల వాళ్ల స్థాయి ప్రశ్నలు ఇచ్చింది, బడి మాత్రం తరగతి సిలబస్సే చెప్పింది. అందుకే వాళ్లు పెట్టిన స్వతంత్ర పరీక్షలో గణితం బాగా పెరిగినా, బడి పెట్టే తరగతి స్థాయి గణితం పరీక్షలో ఆ పెరుగుదల కనబడలేదు. ఈ అసౌకర్యమైన సంగతిని కూడా వాళ్లు దాచకుండా రాసి, ఎందుకో వివరించారు. ఇంకోటి, ఆ కేంద్రంలో గంటన్నరలో సగం సాఫ్ట్‌వేర్, మిగతా సగం ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చిన్న గ్రూపులో చదువు. రెంటినీ విడదీసి కొలవలేదన్న సంగతి కూడా పేపరు చదివితే తెలుస్తుంది. పరిశోధకుడు తన ఫలితం ఎక్కడిదాకా వర్తిస్తుందో తానే గీత గీసి చూపిస్తే, ఆ పేపరుకు విలువ ఇవ్వండి. మీకు వచ్చినవాటిలో "పరిమితులు" అనే విభాగం చూడండి. "సమయాభావం వల్ల తక్కువ మందిని తీసుకున్నాం" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే అది పరిమితుల గురించి ఆలోచించినట్టు కాదు.

ఇప్పుడు ఏఐ పేపర్లు. ఈసారి మీకు ఇవే ఎక్కువ వచ్చి ఉంటాయి. వీటిలో చూడాల్సింది ముఖ్యంగా ఒకటే: పరికరం చేతిలో ఉండగా కొలిచారా, తీసేశాక కొలిచారా? టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది పిల్లలతో చేసిన ప్రయోగం 2025లో పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చింది. జీపీటీ-4 అనే ఏఐని మామూలు చాట్ రూపంలో ఇచ్చిన పిల్లలు అభ్యాస లెక్కల్లో 48 శాతం ఎక్కువ చేశారు. నేరుగా జవాబు చెప్పకుండా సూచనలిచ్చేలా తయారుచేసిన ట్యూటర్ వాడినవాళ్లు 127 శాతం ఎక్కువ చేశారు. ఆ తర్వాత అది లేకుండా పరీక్ష పెడితే, మామూలు చాట్ వాడిన పిల్లలు అసలు ఏఐ ముట్టనివాళ్ల కన్నా 17 శాతం తక్కువ చేశారు. సూచనలిచ్చే రకం వాడినవాళ్లలో ఆ నష్టం చాలావరకు లేకుండా పోయింది. అభ్యాసం దగ్గరే కొలిచి ఆపేసి ఉంటే ఈ పేపరు చాట్‌బాట్‌కు ప్రకటనలా మిగిలేది. కాబట్టి చాట్‌జీపీటీతో అసైన్‌మెంట్ మార్కులు పెరిగాయని ఎవరైనా రాస్తే, చివరి పరీక్ష ఎక్కడుందో వెతకండి. అది లేకపోతే ఆ పేపరు నేర్చుకోవడం గురించి ఏమీ చెప్పట్లేదు.

పరీక్ష పేపరు ఎవరు తయారుచేశారో తప్పక అడగండి. యాప్ తయారుచేసినవాళ్లే పరీక్ష కూడా తయారుచేస్తే, యాప్‌లో ఉన్న ప్రశ్నలే కాస్త మారి పరీక్షలోకి వస్తాయి. 2016లో చెయుంగ్, స్లావిన్ చాలా అధ్యయనాల్ని కలిపి చూసి, పరిశోధకులు సొంతంగా తయారుచేసుకున్న పరీక్షల్లో ఫలితాలు స్వతంత్ర పరీక్షల్లో కన్నా సుమారు రెట్టింపు పెద్దగా కనబడుతున్నాయని చూపించారు. చిన్న అధ్యయనాలకూ పెద్దవాటికీ మధ్య కూడా దాదాపు అంతే తేడా. అందుకే ముప్పైమంది పిల్లలు, సొంత పరీక్ష, రెండు వారాల ప్రయోగం, ఎఫెక్ట్ సైజు (స్టాండర్డ్ డీవియేషన్లలో కొలిచిన ప్రభావం) 1.4 అని కనబడితే అది గొప్ప ఫలితం అనుకోవద్దు, అనుమానించండి. విద్యలో పెద్ద స్థాయిలో చేసిన ప్రయోగాల్లో 0.20 దాటితేనే పెద్ద ప్రభావం అనుకోవాలని మాథ్యూ క్రాఫ్ట్ 2020లో ప్రతిపాదించాడు. ఈ కొలమానం మీ కమిటీలో ఇంజినీరింగ్ వాళ్లకు ముందే చెప్పండి. లేకపోతే 0.15 చూసి "ఇంతేనా?" అంటారు, వేలమంది పిల్లల మీద వచ్చిన 0.15 ఎంత విలువైందో అర్థం కాదు.

ఇక వ్యతిరేక ఫలితాలు. "పనిచేయలేదు" అని తేల్చిన పేపరును కమిటీలు దాదాపు ఎప్పుడూ ఎంచుకోవు, నాకిది చాలా బాధ కలిగించే విషయం. పెరూలో పిల్లకో ల్యాప్‌టాప్ పథకాన్ని 319 గ్రామీణ బడుల్లో పరీక్షించారు. కంప్యూటర్లు ఒక్కో పిల్లకు 0.12 నుంచి 1.18కి పెరిగాయి, గణితం, భాష స్కోర్లు మాత్రం పెరగలేదు. ఎన్నో ప్రభుత్వాలు ట్యాబులు, ల్యాప్‌టాప్‌లు పంచాలనుకుంటున్న కాలంలో ఇంతకన్నా ఉపయోగపడే పరిశోధన ఏముంటుంది? మీకు వచ్చినవాటిలో అలాంటిది ఒకటి ఉంటే, పద్ధతి గట్టిగా ఉంటే, దయచేసి దాన్ని చివరి జాబితా దాకా తీసుకెళ్లండి.

ఇంతవరకు చదివి, ప్రయోగాలే పరిశోధన అని నేను అంటున్నాననుకోవద్దు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఇస్రో నడిపిన సైట్ కార్యక్రమం గుర్తుంది కదా. ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు టీవీ పాఠాలు వచ్చాయి, అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. దాని మూల్యాంకనంలో సర్వేలతో పాటు కొన్ని ఊళ్లలో పరిశోధకులు నెలల తరబడి ఉండి, టీవీ ముందు ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు కూర్చోవట్లేదు అని గమనించారు. టీ-టెస్ట్‌తో అది తెలియదు. నేను ఎగ్జామినర్‌గా చూసిన ఒక ఎంఫిల్ పని ఇలాంటిదే. పరిశోధకుడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో టీచరు. బడికి వచ్చిన ట్యాబులు బీరువాలోనే ఎందుకు ఉండిపోతున్నాయో రాశాడు. ప్లగ్ పాయింట్లు హెడ్‌మాస్టర్ గదిలోనే ఉన్నాయి. పగిలితే ఎవరు కట్టాలన్న టెన్షన్ టీచర్లది. పాఠాలు ఇంగ్లీషులో ఉన్నాయి, పిల్లలు ఆ ఏడే తెలుగు మీడియం నుంచి మారారు. ప్రతి మాటకూ తేదీతో నోట్సు ఉంది, టీచర్లు చెప్పినదానికి విరుద్ధంగా కనబడినవి కూడా రాసి ఉన్నాయి. అందులో ఒక్క గ్రాఫ్ లేదు. అయినా అది చదివాక ఏ అధికారికైనా మర్నాడు ఏం మార్చాలో తెలిసిపోతుంది. నేను చూసిన మంచి పనుల్లో అది ముందువరసలో ఉంటుంది.

పేరుకూ ఆధారానికీ మధ్య దూరం గురించి మన ఊరి ఉదాహరణే ఒకటి. విద్యా పరిశోధకుడు సుగత మిత్ర, సహచరులు హైదరాబాద్‌లో పిల్లలు కంప్యూటర్ సాయంతో, టీచరు లేకుండా, ఇంగ్లీషు ఉచ్చారణ మెరుగుపరచుకోగలరా అని చూశారు, 2003లో ప్రచురించారు. అందులో ఉన్నది 16 మంది పిల్లలు. ప్రశ్న చాలా బాగుంది, ముందుకు పరిశోధించదగ్గది. 16 మందితో వచ్చిన జవాబును మాత్రం రాష్ట్రమంతటికీ వర్తింపజేయలేం. మిత్రకు 2013లో పదిలక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. అది ఆలోచనకు ఇచ్చిన బహుమతి. ఆలోచనకు బహుమతి ఇవ్వడం తప్పేమీ కాదు, కానీ మీరు ఇస్తున్నది పరిశోధనకు. అలాగే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) నడిపిన క్లిక్స్ అనే డిజిటల్ బోధన కార్యక్రమానికి 2017లో యునెస్కో కింగ్ హమద్ బహుమతి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కూడా నడిచిన కార్యక్రమం అది, మనం గర్వపడాల్సిందే. అది కార్యక్రమానికి వచ్చిన గుర్తింపు. ఆలోచన, ఉత్పత్తి, కార్యక్రమం, పరిశోధన: ఈ నాలుగింటిలో దేనికి ఇస్తున్నారో మీ ప్రకటనలో స్పష్టంగా రాయండి. ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చే పేపర్లలో చాలావాటిలో ఒక యాప్ తయారుచేసి, యాభైమందికి ఇచ్చి "నచ్చిందా?" అని అడిగిన ఫారం ఉంటుంది. అది మంచి ఇంజినీరింగ్ కావచ్చు. దానికి వేరే బహుమతి పెట్టండి.

డబ్బు ఎవరిచ్చారన్నది తప్పక రాయించండి. యునెస్కో 2023 నివేదికలో బ్రిటన్‌లో విద్యా సాంకేతిక కంపెనీల సర్వే ఒకటి ఉంది. వాటిలో 7 శాతమే యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగాలు (లాటరీ పద్ధతిలో గ్రూపులు చేసి పోల్చేవి) చేయించుకున్నాయి. కంపెనీ డబ్బుతో చేసిన పనులన్నీ చెడ్డవని కాదు. డేటా పరిశోధకుడి చేతిలో ఉందా, ఫలితం నచ్చకపోయినా ప్రచురించే హక్కు ఉందా అన్నది అడగండి. పిల్లల డేటా సంగతి కూడా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది. "ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకున్నాం" అన్నది దానికి సమానం కాదు. ముఖ కవళికలు రికార్డు చేసి శ్రద్ధ కొలిచామనే పేపర్లు వస్తే ఈ ప్రశ్న మొదటే అడగండి.

కమిటీ పని ఎలా నడపాలో అనుభవం మీద చెప్తాను. మొదటి విడతలో పేర్లు, కాలేజీ, గైడ్ పేరు తీసేసి చదవండి. మన ఊళ్లో గైడ్ పేరు చూడగానే సగం నిర్ణయం అయిపోతుంది. ఒక్కో పేపరును ఇద్దరు విడివిడిగా చదివి, మార్కులకు బదులు అరపేజీ అభిప్రాయం రాయాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు క్లాసులో పాఠం చెప్తున్న బడి టీచరైతే చాలా మంచిది. ఐదారింటిని ఎంచుకున్నాక వాళ్లను పరీక్ష పేపరు, డేటా షీటు తెమ్మని పిలవండి. పీపీటీ వద్దనండి. "మీ ఫలితం తప్పు అని తేలాలంటే ఏం కనబడాలి?" అని అడగండి. మంచి పరిశోధకుడు ఆ ప్రశ్నకు ఉత్సాహంగా జవాబు చెప్తాడు, ఎందుకంటే దాని గురించి ఎప్పట్నుంచో ఆలోచిస్తూ ఉంటాడు. అరువు తెచ్చుకున్న థీసిస్ అయితే అక్కడే తెలిసిపోతుంది.

మీ యాజమాన్యానికి ముందే చెప్పి నిబంధనల్లో పెట్టించాల్సింది ఇంకోటి ఉంది: అర్హమైనది లేకపోతే ఆ ఏడాది ఎవరికీ ఇవ్వం అని. వేదిక బుక్ అయింది, ముఖ్య అతిథి వస్తున్నారు కాబట్టి ఎవరికో ఒకరికి ఇచ్చేయాల్సిన ఒత్తిడి చివరి వారంలో తప్పకుండా వస్తుంది. ఈ వాక్యం కాగితం మీద ఉంటే మీరు నిలబడగలరు. ఇచ్చినప్పుడు కూడా ఎందుకు ఎంచుకున్నారో ఒక పేజీ తెలుగులో రాసి, పేపరుతో పాటు కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టండి. వచ్చే ఏడాది దరఖాస్తు చేసేవాళ్లు దాన్ని చదివే తమ పరిశోధన మొదలుపెడతారు.

మీ ప్రకటన, నిబంధనల నమూనా ఇక్కడ పెడితే చూసి చెప్తాను.